అమెరికా ఇంజనీరింగు విద్యాలయములు – మన పిల్లల అవకాశములు

మా కాప్రా సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్నది. ఒకప్పుడు చెరువును, చెరువు క్రింద పొలములును గల పల్లె. నేడు ఇండ్ల నడుమ చెరువును వెదకికొనవలసిన పట్టణభాగము. అచ్చట ముప్పదియేండ్లు పిల్లలకు గణితము చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను నేను. కిందటి సంక్రాంతి వెళ్ళిన నాలుగవనాడు కీసర దాపున సేద్యము చేసికొను నా మేనల్లుడు మా యింటికి వచ్చెను. మంచినీళ్ళు త్రాగి, సంచిలోనుండి ఒక కాగితము తీసి నా ముందు పెట్టి యిట్లనెను: “మామా, నీవు చదివినవాడవు. పిల్లవానికి అమెరికాలో సీటు వచ్చునా, రాదా? వచ్చునన్నచో రెండెకరములు అమ్మెదను. రాదన్నచో ఇక్కడనే ఏదైన పని చూచుకొమ్మందును.”

ఆ కాగితము పిల్లలను విదేశములకు పంపు నొక కచేరీవారిచ్చినది. ఒకవైపున అమెరికాలోని ఇంజనీరింగు విద్యాలయముల పేర్లు, ఎదుట అంకెలు: ఇచ్చట నూటికి 70 పాళ్ళ అవకాశము, అచ్చట 40, మఱియొకచోట 25. ఈ అంకెలన్నియు పిల్లవాని మార్కులను బట్టి కట్టినవే. నేను జీవితమంతయు అంకెలతో గడిపినవాడను. అయినను ఆ కాగితము చేతబట్టుకొని వెంటనే బదులు చెప్పలేకపోతిని. దానికి కారణము కలదు.

2007లో మఱియొక తండ్రి ఇదే ప్రశ్నతో నాయొద్దకు వచ్చెను. అతని కుమారుడు నా శిష్యుడు, తరగతిలో మొదటివాడు. నేను మార్కుల పట్టిక చూచి, “చింతింపకుము, తప్పక వచ్చును” అంటిని. అతడు మూడెకరముల తరి పొలము అమ్మెను. నేను పేర్కొన్న గొప్ప విద్యాలయములలో ఒక్కటియు ఆ పిల్లవానిని పిలువలేదు. వేరొకచోట చోటు దొరకెను గాని ధనసహాయము దొరకలేదు. పొలము సొమ్ము చాలక అప్పు చేసిరి. చదువు ముగియునప్పటికి 2008 నాటి ఆర్థికమాంద్యము వచ్చి అచ్చట పనులు మూతపడెను. పిల్లవాడు తిరిగివచ్చి ఆ అప్పు తీర్చుటకు ఎనిమిదేండ్లు పట్టెను. ఆ తండ్రి నన్ను ఒక్కమాటయు అనలేదు. ఎదురుపడినప్పుడెల్ల నమస్కరించి నా ఆరోగ్యము విచారించువాడు. ఆ నమస్కారము నన్ను నేటికిని బాధించుచున్నది.

నాటినుండి నేను, మనవారు ఆ దూరదేశపు విద్యాలయములలోనికి ఏ కాలమున ఏ విధముగ ప్రవేశించిరో తెలిసికొనుచు వచ్చితిని. అందువలన నాకు బోధపడినది ఒక్కటే. అవకాశము పిల్లవాని మార్కులలో మాత్రమే ఉండునది కాదు. అతడు ఏ వాకిట నిలిచెను, ఎవరి సొమ్ముతో పోవుచున్నాడు, ఆ దేశపు చట్టము ఆ యేట ఎట్లున్నది అను మూటిలో ఉన్నది. చరిత్ర చూచినచో ఈ మాట మీకే విశదమగును.

మొదట మనవారికి పరదేశమందలి యంత్రవిద్య యనగా ఇంగ్లండే. 1896లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము విద్యార్థివేతన మొసగి మీర్ అహమ్మదు అలీ అను యువకుని ఇంగ్లండునందలి కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు పంపెను. ఆయనయే తరువాత నవాబ్ అలీ నవాజ్ జంగు బహదూరు. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఆయన పనితనమునకు సాక్ష్యము. ఆ సొమ్ము సర్కారుది. చదివినవాడు తిరిగివచ్చి సర్కారు కొలువున చేరవలెను. వెళ్ళువారు కొలదిమంది, పంపువారికి ప్రయోజనము స్పష్టము. కుటుంబము పొలము అమ్ముకొనవలసిన పని లేదు.

అమెరికా మార్గము వేరు. ఆ దేశమువారు 1862లో ఒక శాసనము చేసి, ప్రతి రాష్ట్రమునకును ప్రభుత్వభూములను దానమిచ్చి, ఆ భూములపై వచ్చు ధనముతో వ్యవసాయమును, యంత్రకళలను నేర్పు కళాశాలలను నెలకొల్పించిరి. భూమి అమ్మి చదువు కొనుట మనయింట ఒక కుటుంబము చేయు పని. అచ్చట అది ఒక దేశమే చేసినది. అంతకు మునుపే, 1861లో, బోస్టను నగరమున మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అను విద్యాలయమునకు అనుమతి లభించెను. దానినే అందఱును ఎం.ఐ.టి. యందురు. పుస్తకమును, పనిముట్టును ఒకే విద్యార్థి చేత పట్టించుట దాని పద్ధతి. 1882లో పూనానుండి కేశవ మల్హార భట్ అను మహారాష్ట్ర యువకుడు అచ్చట చేరెను. మన దేశమునుండి ఆ విద్యాలయమున అడుగిడిన మొదటివాడు ఆయనయే. ఆ కాలమున కష్టము విద్యాలయపు వాకిట లేదు. సముద్రము దాటుటలో ఉన్నది, ఓడకూలిలో ఉన్నది, ఇంటివారి సమ్మతిలో ఉన్నది.

తరువాత వాకిలి తెఱచియుండగనే ప్రహరీగోడ లేచెను. 1917లో అమెరికావారు ఆసియాఖండమున పెక్కు దేశములవారిని, అందు మనవారిని, వలసవచ్చి నివసింపకుండ నిషేధించిరి. 1923లో వారి సర్వోన్నత న్యాయస్థానము భగత్‌సింగ్ తిండ్ వ్యాజ్యమున హిందూదేశీయులు ఆ దేశపు పౌరులు కాజాలరని తీర్పు చెప్పెను. 1924 నాటి చట్టము ఆ గోడను మఱింత ఎత్తు చేసెను. అయినను విద్యార్థికి మాత్రము ఒక సందు విడిచిరి: చదువుకొనవచ్చును, చదివి వెళ్ళిపోవలెను. కావున ఆ దినములలో “పిల్లవానికి అవకాశమెంత” యని ఎవరైన అడిగినచో, చదువునకు ఒక బదులును, నివాసమునకు వేఱొక బదులును చెప్పవలసి యుండెను. ఈ రెండును వేర్వేరు ప్రశ్నలని నేను 2007లో ఎఱుగనైతిని.

ఆ గోడ ఎత్తుగ లేచుచున్న కాలముననే, 1922లో, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరిరి. ఆయనది వైద్యశాస్త్రము, యంత్రశాస్త్రము కాదు. అయినను ఆయన కథ మన ప్రశ్నకు వెలుగిచ్చును. మెట్రిక్యులేషను మూడవసారి గాని నెగ్గనివాడు ఆయన. మార్కులను బట్టి అంకె కట్టువారెవ్వరును ఆయనకు నూటికి ఐదు పాళ్ళు కూడ ఇచ్చియుండరు. మామగారు కూర్చిన సొమ్మును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి వాగ్దానమును ఆయనను ఓడ యెక్కించినవి. అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి హార్వర్డునందు చదివిరి. ఔషధశాస్త్రమున ఆయన చేసిన సేవ లోకమెఱిగినదే. ఆయన 1948లో అమెరికాలోనే కాలధర్మము నొందిరి. మార్కులు చెప్పనిదానిని పట్టుదల చెప్పుననుటకు ఆయన నిదర్శనము. కాని ప్రతి పట్టుదలగలవాడును సుబ్బారావు కాడని కూడ మనము మఱువరాదు.

ఇక మా ఊరి మాటకు వత్తును. కాప్రాను ఆనుకొని డాక్టరు ఏ. ఎస్. రావు నగరమను పెద్ద పేట కలదు. బస్సులలో ఆ పేరు పలుకువారు దినమునకు వేలమంది. ఆ పేరుగలవాడెవ్వరని అడిగినచో చెప్పగలవారు తక్కువ. ఆయన అయ్యగారి సాంబశివరావుగారు. 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రమున పట్టముపొంది, అచ్చటనే బోధకులుగ నుండిరి. 1946లో టాటావారి విద్యార్థివేతనము లభించి అమెరికాయందలి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగు చదువ వెళ్ళిరి.

ఆయన అవకాశమును ఆనాటి తక్కెడలో తూచి చూతము. వయస్సు ముప్పది దాటినది. చేతియందు పట్టము మాత్రమే కాదు, ఏండ్లతరబడి బోధించిన అనుభవమున్నది. సొమ్ము 1892లో జమ్‌షెడ్‌జీ టాటా ఉన్నతవిద్యకొఱకు నెలకొల్పిన నిధి సంప్రదాయములోనిది. ఆ నిధి యోగ్యులను పరీక్షించి ఏరి, ఋణరూపమున సాయపడునది. అనగా స్టాన్‌ఫర్డువారు చూడకమునుపే ఆయనను ఒకరు చూచి, తూచి, తమ సొమ్ము పణము పెట్టిరి. ఇతరులు సొమ్ము పెట్టుటకు ఒప్పుకొనుటయే ఒక పరీక్ష, అందు నెగ్గుటయే ఒక పట్టము. ఈ మాట మీరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను.

ఆయన తిరిగివచ్చి హోమీ భాభాగారి వద్ద అణుశక్తి కార్యమున చేరిరి. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేయందు అప్సర అను అణురియాక్టరు పనిచేయ నారంభించినప్పుడు, దానిని అదుపునందుంచు ఎలక్ట్రానిక్ యంత్రసామగ్రిని ఆయన బృందమువారే చేసి యిచ్చిరి. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను ఆఫ్ ఇండియా అను సంస్థ ఆయన చేతిమీదుగ వెలసెను. దానినే మనవారు ఈ.సీ.ఐ.ఎల్. అందురు. కాప్రా, కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతములు పల్లెలుగ నుండి పట్టణమైనది ఆ కర్మాగారపు నీడలోనే. మా బడికి వచ్చిన పిల్లలలో పలువురి తండ్రులు అందు పనిచేసినవారు. మీరు ఓటు వేయు యంత్రమును చేయు సంస్థలలో అదియొకటి. ఒక్క మనుష్యుని స్టాన్‌ఫర్డు ప్రయాణము ఎన్ని వేల కుటుంబములకు కూడుపెట్టెనో లెక్కకట్టుట నా గణితమునకు మించినది.

సాంబశివరావుగారు వెళ్ళిన 1946వ సంవత్సరముననే అమెరికావారు తమ గోడలో చిన్న తలుపు పెట్టి, ఏటికి 100 మంది హిందూదేశీయులు వలస రావచ్చుననిరి. ఆ సంవత్సరముననే ఇచ్చట నళినీరంజన సర్కారు సంఘమువారు ఎం.ఐ.టి. వంటి విద్యాలయములను మన దేశముననే నెలకొల్పవలెనని నివేదించిరి. దాని ఫలముగ 1951లో ఖరగ్‌పురము ఐ.ఐ.టి. తరగతులు ఆరంభమైనవి. 1962 మొదలు 1972 వఱకు అమెరికాయందలి 9 విశ్వవిద్యాలయములు కాన్పూరు ఐ.ఐ.టి.కి చేయూతనిచ్చినవి. 1965లో అమెరికావారి వలసచట్టము మాఱి, జాతినిబట్టి వెలివేయు పద్ధతి తొలగెను. అప్పటినుండి చదివినవాడు అచ్చటనే నిలుచుట సాధ్యమయ్యెను. మన ఊళ్ళలో “అమెరికా సంబంధము” అను మాట పుట్టుటకు ఈ చట్టమే మూలము.

ఆ మార్పు వచ్చుచున్న కాలమున మనవాడొకడు మెట్టుమెట్టుగ ఎక్కిన తీరు చూడుడు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో ఒక రైతుకుటుంబమున పుట్టిన రాజ్ రెడ్డిగారు తమ యింట కళాశాల గడప తొక్కిన మొదటివారు. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు ముగించిరి. నేరుగ అమెరికా పోలేదు. ఆస్ట్రేలియాలో చదివి 1960లో పై పట్టముపొంది, అచ్చటనే కంప్యూటర్లపై పనిచేసిరి. ఆ పని చేత పట్టుకొని స్టాన్‌ఫర్డు చేరి 1966లో డాక్టరేటు పొందిరి. మనుష్యుని మాటను యంత్రము గ్రహించు విద్యలో పరిశ్రమించి, 1994లో కంప్యూటరుశాస్త్రమున మిక్కిలి గౌరవప్రదమగు ట్యూరింగ్ బహుమానమును మఱియొకరితో కలిసి అందుకొనిరి. కాటూరునుండి స్టాన్‌ఫర్డునకు ఒకే అంగ వేయుటకు అవకాశమెంత యని అడిగినచో మిక్కిలి స్వల్పమని చెప్పవలసివచ్చును. కాని ఆయన ఒకే అంగ వేయలేదు.

విద్యాలయపు పేరును గూర్చి ఒక మాట. హైదరాబాదు వారగు శాంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి, ఒహాయో రాష్ట్రమందలి బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయమున 1986లో పై పట్టముపొందిరి. సత్య నాదెళ్ళ మణిపాలున ఇంజనీరింగు చదివి, విస్కాన్సిను రాష్ట్రమందలి మిల్వాకీ విశ్వవిద్యాలయమునుండి 1990లో పై పట్టముపొందిరి. మా మేనల్లుడు తెచ్చినటువంటి కాగితములలో ఈ రెండు పేర్లును పైవరుసను ఉండవు. మొదటివారు 2007లో అడోబీ సంస్థకును, రెండవవారు 2014లో మైక్రోసాఫ్టు సంస్థకును అధిపతులైరి. నా శిష్యుడు పేరులేని విద్యాలయమున చేరుట తప్పు కాదు. ఎవరి సొమ్ముతో, ఏ కాలమున, ఏ లెక్కతో చేరుచున్నాడో నేను ఆనాడు విచారింపకపోవుటయే తప్పు.

ఇప్పటి స్థితి చెప్పెదను. ఆ విద్యాలయములకు రెండు వాకిళ్ళున్నవి. పన్నెండవ తరగతి ముగించి నాలుగేండ్ల చదువునకు పోవునది మొదటిది. ఇచ్చట ఇంజనీరింగు ముగించి పై చదువునకు పోవునది రెండవది. మొదటి వాకిలి సూదిబెజ్జము. 2024లో ఎం.ఐ.టి.కి సుమారు 28 వేలమంది దరఖాస్తు పెట్టగా చోటు దొరకినవారు 1,300 మందికి లోపే. విదేశీయులలోనైతే నూటికి ఇద్దరికి మించి దొరకుట అరుదు. ఆ ఇద్దరి కొఱకు పోటీపడువారు భూమండలమంతటినుండి వచ్చిన మొదటి తరగతివారు.

ఇచ్చట గణితోపాధ్యాయునిగ ఒక మాట చెప్పవలెను. నూటికి ఇద్దరు అనగా ప్రతివాని చేతిలోను రెండేసి చీట్లు ఉన్నవని కాదు. ఒకనికి అది సున్న; వేఱొకనికి ఇరువది కావచ్చును. మొత్తమునకు చెప్పిన అంకె ఒక్కనికి అన్వయింపదు. కావున ఒక పిల్లవాని పేరు వ్రాసి ఎదుట నూటికి 70 అని వ్రాయువాడు లెక్క చెప్పుటలేదు, ఊహను అంకెగ చూపుచున్నాడు.

రెండవ వాకిలి విశాలము. 2023–24 సంవత్సరమున అమెరికాలో చదువుచున్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది; వారిలో 1,96,567 మంది పై చదువులవారు. మొదటి వాకిట పోయినవారు వీరిలో చిన్న భాగము. పై చదువులోను రెండు తెఱగులున్నవి. పరిశోధన చేసి డాక్టరేటు పొందువానికి పెద్ద విద్యాలయములు సాధారణముగ రుసుము తామే భరించి నెలనెల భృతి నిచ్చును. ఒకటిన్నర రెండేండ్లలో ముగియు మాస్టర్సు చదువునకు పెక్కుచోట్ల మన సొమ్మే పెట్టవలెను. చాలమంది పొలములు కరగిపోవునది ఈ రెండవదానికే.

వారెట్లు ఎంచుదురు? మనకు పరీక్షయొక్క ర్యాంకు అలవాటు. ర్యాంకు వచ్చినచో సీటు ఎవ్వరును కాదనరు. అచ్చట అట్టి హక్కు లేదు. మార్కులు గడప వఱకు తెచ్చును. లోపలికి పిలుచునది వేఱు. ఎం.ఐ.టి. వారు మహమ్మారి కాలమున ప్రవేశపరీక్షను విడిచి, 2022లో మరల కావలెననిరి. అయినను ఆ పరీక్షయొక్కటే చాలదందురు. పై చదువునకైతే జీ.ఆర్.ఇ. అను పరీక్షను పలువిభాగములు విడిచినవి. పిల్లవాడు స్వయముగ ఏమి చేసెను, ఎందువలన ఆ శాస్త్రమునే కోరుచున్నాడు, అతని నెఱిగిన గురువులు ఏమందురు, ఇవి చూతురు. గురువుల లేఖ గూర్చి నేను నా తప్పు కూడ ఒప్పుకొనవలెను. “శ్రద్ధగలవాడు, వినయశీలుడు, సంస్థకు అలంకారము” అని విద్యార్థియే వ్రాసికొని తెచ్చిన లేఖలపై నేను సంతకములు పెట్టితిని. అట్టి లేఖకు అచ్చట విలువ లేదు. “ఇన్నేండ్లలో నేను చూచినవారిలో ఈ పిల్లవాడు ఈ లెక్కను ఈ విధముగ సాధించిన మొదటివాడు” అని వ్రాసినది చదువుదురు.

సొమ్ము మాట. మొదటి వాకిట ఎం.ఐ.టి. వంటి కొలది విద్యాలయములు మాత్రము విదేశపు పిల్లవాని పేదరికమును ప్రవేశమునకు అడ్డుగ నెంచవు. ఎన్నుకొన్నచో కావలసినంత సాయము చేయును. స్టాన్‌ఫర్డు మొదలగు పెక్కింట, విదేశీయుడు సాయము కోరినచో ఆ సంగతిని ఎంపికలోనే లెక్కింతురు. సాయము లేనిచో ఏటికి 85 వేల డాలర్లకు తక్కువ కాని ఖర్చు. అది మన సేద్యము మోయగల బరువు కాదు.

చట్టము మాట. సీటు వచ్చినను ప్రయాణానుమతి వేఱు. 2008లో హైదరాబాదున అమెరికా కాన్సులేటు తెఱువబడెను. అంతకు మునుపు మనవారు చెన్నపట్టణము పోవలసియుండెను. అచ్చటి అధికారి, వచ్చినవాడు నిజముగ చదువుటకే పోవుచున్నాడా, ఖర్చు భరింపగలడా అని విచారించును. కాదన్నచో సీటు వ్యర్థము. చదువు ముగిసిన పిదప పని నేర్చుకొనుటకు కొంత గడువిత్తురు. 2016 నాటి నిబంధన ప్రకారము శాస్త్రయంత్రవిద్యలవారికి అది మొత్తము మూడేండ్లు. ఆపైన నిలుచుటకు హెచ్1బి యను అనుమతి కావలెను. 1990 నాటి చట్టముతో ఏర్పడిన ఈ అనుమతులు సంస్థల కొలువులకు ఏటికి 65 వేలు, అచ్చట పై పట్టము పొందినవారికి మఱి 20 వేలు. కోరువారు అంతకు మిక్కిలి ఎక్కువ కావున చీట్లు తీయుట పరిపాటియైనది. 2025 సెప్టెంబరులో, దేశము వెలుపలినుండి క్రొత్తగ కోరు ఈ అనుమతికి లక్ష డాలర్ల రుసుము విధించుచు ఉత్తర్వు వెలువడెను. 1917, 1924, 1946, 1965, 1990, 2025: ఈ వరుసలో తలుపు తెఱచుటయు, మూయుటయు మన పిల్లల మార్కులను బట్టి జరుగలేదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము మాత్రము ఏ తలుపు మూసినను పెరుగుచునే యుండును.

ఇక నా మేనల్లునితో నేనేమంటినో చెప్పి ముగింతును. “పిల్లవానిని పంపుము, మాటలాడెదను” అంటిని. వారము తిరుగకముందే తండ్రికొడుకులిరువురును వచ్చిరి. పిల్లవాడు ఘటకేసరము వైపు కళాశాలలో ఎలక్ట్రానిక్సు చివరి సంవత్సరము. మార్కులు మంచివే, మిక్కిలి గొప్పవి కావు. “నీ చేతితో ఏమైన చేసితివా?” అని యడిగితిని. “ఏమియు లేదు తాతా” అనెను. తండ్రి మాత్రము నవ్వి, “బోరు మోటారుకు ఏదో డబ్బా కట్టినాడు గదా” అనెను. విచారింపగా, బోరులో నీరు దిగిపోయినప్పుడు మోటారు కాలిపోకుండ తానే ఆగి, ఇంటికి ఫోనులో కబురు పంపు సాధనమొకటి ఆ పిల్లవాడు తయారుచేసి తమ పొలమున బిగించెనట. రెండు పంటల కాలము నీటిమట్టమును నోటుపుస్తకమున దినదినము వ్రాసికొనెను. ఎన్నిమార్లు పొరపాటున ఆగెనో, ఎందువలన ఆగెనో అదియు వ్రాసెను.

ఆ కచేరీవారు ఈ సంగతి అడుగలేదు. వారి కాగితమున దానికి గడి లేదు.

నేను తండ్రితో ఇట్లంటిని: “నాయనా, పైవరుసలోని పేర్లకు అవకాశము స్వల్పము. అంకె చెప్పను, చెప్పుట అబద్ధము. పొలము ఈ యేడు అమ్మకుము. పిల్లవాడు ఈ పుస్తకమును శుద్ధముగ వ్రాసి, తన గురువులలో దీనిని చూచినవానిచేత లేఖ వ్రాయించుకొని, ఒక యేడు ఇచ్చట పనిచేయనిమ్ము. భూగర్భజలమును, ఇట్టి సాధనములను గూర్చి పనిచేయు ఆచార్యులు ఎచ్చట నున్నారో వెదకి వారికే వ్రాయనిమ్ము. ఎవరైన తమ సొమ్ము పెట్టి పిలిచిననాడు నీవు నిశ్చింతగ పంపుము. నీ సొమ్మే పెట్టవలసివచ్చినచో, పిల్లవాడు తిరిగివచ్చి ఇచ్చట సంపాదించు జీతముతో తీర్చుకొనగలంత మట్టుకే అప్పు చేయుము. అచ్చటి డాలరును లెక్కలోనికి తీసికొనకుము.”

మేనల్లుడు కొంతసేపు ఊరకుండి, “అయితే రాదంటావా మామా?” అని మరల అడిగెను. “రాదనలేదు. వచ్చునో రాదో చెప్పగలవాడెవ్వడును లేడు. పోయినచో నీవు ఏమి కోల్పోదువో అది మాత్రము మనము చెప్పుకొనగలము” అంటిని. అతడు ఆ కాగితమును మడిచి సంచిలో పెట్టుకొనెను. పిల్లవాడు మాత్రము నోటుపుస్తకము నా బల్లమీదనే విడిచి, “తప్పులు చూడు తాతా” అని వెళ్ళెను. లెక్కలలో రెండు తప్పులు కనబడినవి, దిద్దించితిని.

పెద్దలారా, మీ యూళ్ళలోను ఇట్టి కాగితములు పట్టుకొని మీ సలహాకై వచ్చు తండ్రులుందురు. మీ నోటి మాటమీద పొలములు చేతులు మారును. వచ్చునా రాదా యని వారు అడిగినప్పుడు తొందరపడి బదులీయకుడు. ఏ వాకిలి, ఎవరి సొమ్ము, ఏ చట్టము అని మీరే మొదట అడుగుడు. ఆపైన పిల్లవానిని పిలిచి, తన చేతితో ఏమి చేసెనో చూపుమనుడు. నేను 2007లో ఆ తండ్రిని ఈ నాలుగు మాటలు అడుగకపోతిని. మీరైనను అడుగుదురని నా ఆశ.